ల్యాబ్‌లో చేరేముందే అడిగేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైద్య పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్లవి, రాబోతున్నవాళ్లవి. నేను బెంగళూరులో పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నోటి క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు నా దగ్గరా పిల్లలు చేస్తున్నారు. అన్ని ఉత్తరాలకూ చోటు లేదు కాబట్టి ఆరు తీసుకున్నాను, పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఉండే చోటు మాత్రం రాస్తున్నాను. అన్నీ చదివాక నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. మీ కష్టాల్లో సగం మొహమాటంతో వచ్చినవే. అడగందే అమ్మయినా పెట్టదని చిన్నప్పటి నుంచీ వింటాం, తీరా పీహెచ్‌డీ చేయించే గైడ్ ముందు కూర్చున్నాక నోరు పెగలదు.

యలహంక నుంచి ఒక విద్యార్థి: మేడమ్ గారూ, మాది కర్నూలు దగ్గర పల్లె. పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. రెండు ల్యాబుల్లో చేరే అవకాశం ఉంది. ఒకటి పెద్ద పేరున్న సారుది, ఇరవై మంది ఉంటారు. రెండోది విదేశం నుంచి వచ్చి రెండేళ్లయిన మేడమ్‌ది, ఇద్దరే స్టూడెంట్లు. ఇంట్లో అందరూ పెద్ద సారే మేలంటున్నారు. ఎటు వెళ్లమంటారు?

ముందుగా అభినందనలు, జేఆర్ఎఫ్ కొట్టడం మామూలు సంగతి కాదు. ఇక ల్యాబ్ విషయానికొస్తే, పెద్దదా చిన్నదా అన్నది చివర్లో చూద్దురుగాని. ముందు తెలుసుకోవాల్సింది ఆ ల్యాబ్ నుంచి ఆఖరున బయటికొచ్చిన ముగ్గురికి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు వాళ్లెక్కడున్నారు, మీరు రాసింది గైడ్ గారు పక్కన కూర్చుని దిద్దుతారా లేక నెలల తరబడి మెయిల్‌లోనే ఉండిపోతుందా అన్నది. ఇవి అక్కడి పిల్లల్ని అడగాలి. మామూలు రోజు సాయంత్రం వెళ్లి, ఒకరిద్దరిని క్యాంటీన్‌కి తీసుకెళ్లి కాఫీ ఇప్పించి అడగండి. ల్యాబ్ లోపల అందరూ 'బాగుంటుంది' అనే అంటారు, బయట కూర్చుంటే పది నిమిషాల్లో మొత్తం చెప్పేస్తారు. మధ్యలో మానేసి వెళ్లినవాళ్లు ఉంటే వాళ్లతోనూ తప్పకుండా మాట్లాడండి. కొత్త ల్యాబ్ నుంచి బయటికొచ్చినవాళ్లు ఇంకా ఉండరు కాబట్టి ఆ మేడమ్‌నే నేరుగా అడగాలి, గ్రాంట్ ఇంకా ఎన్నేళ్లుంది, అది అయిపోతే ఏం చేద్దామనుకుంటున్నారు అని. ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకునే గైడ్ దగ్గర చేరకపోవడమే మంచిది. కొత్తగా వచ్చినవాళ్లకు మీతో కూర్చునే తీరిక ఎక్కువ, మీ మొదటి రెండేళ్లకు దానికి మించింది లేదని నా నమ్మకం. అలాగని పెద్ద ల్యాబ్‌లో మంచి సీనియర్ ఒకరు చేయి పట్టుకుని నేర్పిస్తే అక్కడా బాగుపడొచ్చు, ఆ సీనియర్ ఎవరో చేరకముందే కనుక్కోండి.

ఇంకొకటి, ఇది మన వైద్య పరిశోధనలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది. మీ ప్రాజెక్టుకు పేషెంట్ల శాంపిల్స్ కావాలంటే అవి ఏ ఆసుపత్రి నుంచి వస్తాయి, నెలకు ఎన్ని వస్తాయి, పేషెంట్ల మీద పరిశోధన సరైన పద్ధతిలో జరుగుతుందా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసిందా లేక మీరొచ్చాక అప్లై చేస్తారా అని అడగండి. నేను అడగలేదు. ఆపరేషన్ అయ్యే రోజు పొద్దున్నే ఐస్ బాక్స్ పట్టుకుని వెళ్లి, గడ్డ ముక్క తీసుకుని, బాక్స్ ఒళ్లో పెట్టుకుని ఆటోలో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కూర్చునేదాన్ని. ల్యాబ్‌కి వచ్చి ఆర్‌ఎన్‌ఏ (కణాల్లో ఉండే, తొందరగా పాడయ్యే జన్యు పదార్థం) తీస్తే ముక్కచెక్కలుగా ఉండేది. ఆరు నెలలు నా చేతిలోనే తప్పుందనుకుని ఏడ్చాను. ఒకరోజు థియేటర్ సిస్టర్‌ని ధైర్యం చేసి అడిగాను, ఈ ముక్క బయటికి తీశాక నా చేతికి వచ్చేదాకా ఎక్కడుంటుందని. ట్రేలో, మామూలు సెలైన్‌లో, సర్జరీ మొత్తం అయ్యేదాకా, అంటే ఒక్కోసారి రెండు గంటలు. ఆ మర్నాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ పాడుకాకుండా కాపాడే ద్రావణం పోసిన ట్యూబులు ముందురోజే ఆవిడ చేతికిచ్చి, ముక్క తీయగానే చిన్నగా కోసి ఇందులో వేయండక్కా అని బతిమాలాను. ఆ వారమే శాంపిల్ బాగా వచ్చింది.

డబ్బు సంగతి కూడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత దాని పై మెట్టు ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం, హెచ్ఆర్ఏ, వేరుగా వస్తుంది. చదవడానికి బాగానే ఉంది గానీ, కొన్నిసార్లు నెలల తరబడి ఆగి ఒక్కసారిగా పడుతుంది. ఇక్కడ రూమ్‌కి అడ్వాన్స్ కూడా ఎక్కువే అడుగుతారు. మూడు నెలల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టుకుని రండి, ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి, మొదటి నెల నుంచే డబ్బు పంపిస్తానని మాటివ్వకండి.

కేఆర్ పురం నుంచి ఒక డాక్టర్: ఎండీ జనరల్ మెడిసిన్ చేసి ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. పేపర్లు లేకపోతే ప్రమోషన్ రాదంటున్నారు. ఒక జర్నల్ వాళ్లు వారంలో వేస్తాం, ఫీజు కట్టండి అని మెయిల్ పెట్టారు. మా సీనియర్లు కట్టేయ్, ఒక పని అయిపోతుంది అంటున్నారు. నాకు నిజంగా రీసెర్చ్ చేయాలని ఉంది. ఓపీ అయ్యేసరికి రెండు దాటుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కట్టకండి డాక్టర్ గారూ. 'డియర్ ఎమినెంట్ రీసెర్చర్' అని మొదలయ్యే మెయిల్స్ నాకు రోజుకు నాలుగొస్తాయి. వారంలో వేస్తామంటే మీరు రాసింది ఎవరూ చదవడం లేదన్నమాట. ఆ పేపర్ మీ పేరు మీద జీవితాంతం ఉంటుంది, పదేళ్ల తర్వాత మంచి ఫెలోషిప్ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లు మొదట దాన్నే చూస్తారు. పైగా 2025లో యూజీసీ, నమ్మదగ్గ జర్నల్స్ పేర్లతో ఉంచిన తన కేర్ జాబితాను కూడా ఆపేసింది కాబట్టి ఏది మంచి జర్నలో మనమే చూసుకోవాలి. జర్నల్ ఎడిటోరియల్ బోర్డులో పేరున్నవాళ్లకు ఆ సంగతి తెలుసా అన్నది కూడా ఒక మెయిల్ పెట్టి అడగొచ్చు, నేను అడిగాను, ఒకాయన తన పేరు అక్కడుందనే తెలియదన్నారు. దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 1913 నుంచి వస్తోంది. అలాంటివి పది తెచ్చుకుని మీ సబ్జెక్టులో ఎలాంటి పేపర్లు వేస్తున్నారో చదవండి.

మొదలు ఎక్కడ అంటే మీ ఓపీలోనే. ఈ నెలలో మీరు చూసిన పేషెంట్లలో ఏ ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకలేదో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల తిరిగేసరికి పది ప్రశ్నలుంటాయి, అందులో తొమ్మిదింటికి ఎవరో ఎప్పుడో జవాబు చెప్పి ఉంటారు, మిగిలిన ఆ ఒక్కటీ మీది. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌ఐఈ వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ ఎలాగూ చేయాల్సిందే, దాన్ని సర్టిఫికెట్ కోసం స్పీడ్ పెంచి వినేయకుండా మీ ఒక్క ప్రశ్ననే దగ్గర పెట్టుకుని వినండి. అది చికిత్సను పరీక్షించే క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని తీసుకునేలోపే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సీటీఆర్ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి తర్వాత చేసుకుంటామంటే ఒప్పుకోవడం లేదు. తెలియక ట్రయల్ మొదలుపెట్టేసి, రాసిందంతా పక్కన పడేయాల్సి వచ్చిన మంచి డాక్టర్లు నాకు తెలుసు.

స్టాటిస్టిక్స్ చూసేవాళ్ల దగ్గరికి ఫారం తయారుచేసేటప్పుడే వెళ్లండి, డేటా అంతా అయ్యాక వెళితే వాళ్లు చేయగలిగింది తక్కువ. ఫారం ఎంత ముఖ్యమో నాకు ఒక పెద్దావిడ నేర్పింది. నోటి క్యాన్సర్ పేషెంట్లకు నేను తయారుచేసిన కాగితంలో 'పొగ తాగే అలవాటు: అవును, లేదు' అని గడులుండేవి. 140 మందికి నింపేశాను. కోలారు వైపు నుంచి వచ్చిన ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. 'పొగ తాగేది మగోళ్లు కదమ్మా, నేనెందుకు తాగుతా' అంది. నేను 'లేదు' దగ్గర టిక్ పెడుతుంటే ఆవిడ కొంగు ముడి విప్పి ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, చిన్న పొట్లంలోంచి చిటికెడు కడ్డిపుడి వేసుకుంది. కడ్డిపుడి అంటే పొగాకే. నలభై ఏళ్ల నుంచి వేసుకుంటోందట. వక్క ఒక్కటే తిన్నా క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది, నా ఫారంలో వక్కకూ గడి లేదు, నమిలే పొగాకుకూ లేదు. ఆ 140 మందిలో ఎంతమంది ఆడవాళ్లకు తప్పుగా 'లేదు' అని పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. దొరికినంత మందిని మళ్లీ పిలిచి అడిగాను, కొందరు అప్పటికే లేరు. మీ ఫారం తయారయ్యాక ఐదుగురు పేషెంట్ల పక్కన కూర్చుని వాళ్ల మాటల్లోనే చదివి వినిపించండి.

టైమ్ గురించి కూడా అడగండి. వారంలో ఒక పూట ఓపీ లేకుండా ఇవ్వమని హెచ్‌ఓడీకి కాగితం మీద రాసి అడగండి, మహా అయితే కాదంటారు. తర్వాత పెద్ద మెట్టు ఎక్కాలనుకున్నప్పుడు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డీబీటీ, బ్రిటన్‌లోని వెల్కమ్ ట్రస్ట్ కలిసి 2008లో పెట్టిన ఇండియా అలయన్స్ ఉంది, ఆఫీసు హైదరాబాద్‌లో. డాక్టర్ల కోసం విడిగా ఫెలోషిప్పులు ఇస్తూ వచ్చారు. అప్లై చేసేముందు ఆ ఫెలోషిప్ వచ్చినవాళ్లను ఒకరిని పట్టుకుని వాళ్ల అప్లికేషన్ చూపించమనండి, చాలామంది చూపిస్తారు.

బనశంకరి నుంచి ఒక పరిశోధకుడు: ఎస్ఆర్ఎఫ్ రెండో ఏడు. మూడేళ్లు నేను చేసిన ప్రయోగాలతో పేపర్ తయారైంది. డ్రాఫ్ట్ వచ్చాక చూస్తే మొదటి పేరు ఆర్నెల్ల కిందట చేరిన పోస్ట్‌డాక్‌ది (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు), నాది మూడోది. నిద్ర పట్టడం లేదు.

ఇది నాకూ జరిగింది, అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనప్పుడు నోరు మూసుకున్నాను, నా పేరు మూడో చోటే మిగిలిపోయింది. మీరలా చేయకండి.

వైద్య జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎంజేఈ అంటారు, రచయితగా పేరుండాలంటే నాలుగు కావాలంటుంది. పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ఏదైనా ప్రశ్న వస్తే బాధ్యత పడాలి. ఇందులోనే చాలామందికి తెలియని మాట ఒకటుంది. పని చేసినవాళ్లకు రాయడంలో పాలు పంచుకునే అవకాశం ఇవ్వకుండా చేసి, నువ్వు రాయలేదు కాబట్టి పేరు లేదనడానికి ఈ నియమాలను వాడకూడదని కూడా వాళ్లే రాశారు. అయితే పేర్ల వరస మాత్రం ఆ కమిటీ తేల్చదు, అది రచయితలే కలిసి తేల్చుకోవాలి. అందుకే మాట్లాడటం తప్ప వేరే దారి లేదు.

ఈ వారంలోనే గైడ్ దగ్గర అరగంట అడగండి. వెళ్లేముందు ఏ బొమ్మ ఎవరి ప్రయోగం, ఏ తేదీన చేసింది, నోట్‌బుక్‌లో ఏ పేజీలో ఉంది అని ఒక కాగితం మీద రాసుకోండి. అన్యాయం అన్న మాట వాడకండి, 'ఈ వరస ఎలా అనుకున్నారో తెలుసుకుందామని వచ్చాను సార్' అని మొదలుపెట్టండి. నిజంగానే పోస్ట్‌డాక్ కథ మొత్తం మార్చి రాసి ఉండొచ్చు, అలాంటప్పుడు ఇద్దరికీ సమాన భాగం అని చుక్క పెట్టి రాసే పద్ధతి ఉంది, అది అడగండి. బయటికొచ్చాక మాట్లాడుకున్నది నాలుగు వాక్యాల్లో మర్యాదగా మెయిల్ పెట్టండి. తేలకపోతే మీ పీహెచ్‌డీ ఎలా సాగుతోందో చూసే డాక్టోరల్ కమిటీ ఉంది, అది ఇందుకే ఉంది. కోపంలో వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా పెట్టకండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పేపర్ మీద, కలిసి పనిచేసిన ఫిస్కే పక్కన ఆయన పేరు కూడా ఉండబట్టే ఇవాళ్టికీ ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటున్నారు. పేరు అడిగితే ఆశపోతు అనుకుంటారేమోనని భయపడకండి.

మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు: ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ అయ్యాక బాబు పుట్టాడు, నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు 35. మా ఆయన వెళ్లమంటారు, అత్తగారు ఇప్పుడెందుకంటారు. నాకే ధైర్యం చాలడం లేదు, అంతా మర్చిపోయానేమో.

మర్చిపోరమ్మా. పిపెట్ పట్టుకున్న చేయి రెండు వారాల్లో దారిలో పడుతుంది. పాత పడేది సబ్జెక్టు, దానికి మూడు నెలలు రోజుకు ఒక రివ్యూ చదివితే చాలు.

ప్రకటనలు చూసేటప్పుడు వయసు చూసి పేజీ మూసేయకండి, ఆడవాళ్లకు సడలింపు ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసమే కేంద్ర సైన్స్ విభాగం డీఎస్‌టీ వాళ్ల వైజ్-కిరణ్ పథకాలున్నాయి, డీబీటీ వాళ్లు బయోకేర్ పేరుతో ఇస్తూ వచ్చారు. ఈ ఏడాది ప్రకటన ఎప్పుడో ఆయా సైట్లలో చూస్తూ ఉండండి. అన్నింటికీ మిమ్మల్ని చేర్చుకునే ల్యాబ్ ఒకటి కావాలి, అసలు పని అదే. మీ పాత గైడ్‌కి రాయండి. నాలుగేళ్లు పలకరించలేదే అని సిగ్గుపడుతున్నారేమో, ఆయనకు మీ మెయిల్ చూస్తే సంతోషమే కలుగుతుంది, నా పాత పిల్లలు రాస్తే నాకు అలాగే ఉంటుంది. మీ ఇంటి నుంచి దూరం కూడా చూసుకోండి, బళ్లారి రోడ్డులోని ఏ ల్యాబుకైనా మారతహళ్లి నుంచి రోజూ వెళ్లి రావాలంటే మూడు గంటలు దారిలోనే పోతాయి, చిన్న బాబుతో ఆర్నెల్లకు మించి ఎవరూ తట్టుకోలేరు. సొంత ల్యాబ్ ఒక్కటే దారి అనుకోవద్దు. క్లినికల్ ట్రయల్స్ నడిపే పని, మెడికల్ రైటింగ్, సంస్థల్లో గ్రాంట్ల ఆఫీసు, పరికరాల ఫెసిలిటీ చూసుకునే పని, ఇవన్నీ బెంగళూరులో ఉన్నాయి, పీహెచ్‌డీ ఉన్నవాళ్లే కావాలి అక్కడ కూడా.

అత్తగారి సంగతి మీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చెప్తాను, సాయం చేయమని ఆవిడనే నోరారా అడిగి చూడండి. కొన్నిసార్లు వద్దనడం వెనక, నన్నెవరూ అడగలేదన్న కష్టం ఉంటుంది.

రాజాజీనగర్ నుంచి ఎంబీబీఎస్ రెండో ఏడు విద్యార్థిని: రీసెర్చ్ మీద ఇష్టం ఉంది. నీట్ పీజీ పాడవుతుందని భయం.

నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా అమ్మాయి వయసు నీది. ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ అని 1979 నుంచి ఉంది, ఎంబీబీఎస్ పిల్లలు రెండు నెలలు చేసే ప్రాజెక్టు. ఒకటి చెయ్యి. రెండు నెలలతో పీజీ ఏమీ పాడవదు, నీకు ఈ పని నచ్చుతుందో లేదో తేలిపోతుంది. కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఎవరు చేయిస్తున్నారో అడుగు, రేపే.

హెబ్బాళ నుంచి ఒక విద్యార్థి: మూడో ఏడు. ఐదు నెలలుగా వెస్టర్న్ బ్లాట్ (శాంపిల్‌లో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూపే ప్రయోగం) రావడం లేదు. మొదట్లో వచ్చేది. గైడ్‌కి చెప్పలేదు, ల్యాబ్ మీటింగ్‌లో పాత బొమ్మలే చూపిస్తున్నాను. ఇంట్లో ఫోన్ ఎత్తబుద్ధి కావడం లేదు. నేను దీనికి పనికిరానేమో.

తమ్ముడూ, ఐదు నెలలు ఇంత బరువు ఒక్కడివే ఎలా మోశావు? మొదట్లో వచ్చి తర్వాత ఆగిపోయిందంటే నీ చేతి కంటే సరుకునే ముందు అనుమానించాలి. ఆ ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ కొత్త సీసా తెరిచాకే ఆగిందా? సీసా మీది లాట్ నంబర్ పాతదానితో పోల్చి చూడు. పక్క ల్యాబ్‌లో ఆ ప్రోటీన్ కచ్చితంగా ఉండే కణాలను పగలగొట్టి తీసిన రసం, అదే లైసేట్, కొంచెం అడిగి తెచ్చుకుని నీ శాంపిల్ పక్కనే వేసి చూడు, ఒక్క రోజులో సగం తేలిపోతుంది.

గైడ్‌కి ఈ సోమవారమే చెప్పు. పాత బొమ్మలు కొత్తవని అనలేదు కదా? అనకపోతే భయం లేదు, అని ఉంటే అది కూడా ఇప్పుడే చెప్పెయ్, ఇప్పుడైతే పొరపాటుగా పోతుంది, పేపర్‌లోకి ఎక్కాక పోదు. టైమ్ అయిపోతోందని టెన్షన్ పడుతున్నావేమో, 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లుంటాయి, పైగా థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతు కూడా అందులో లేదు. మీ సంస్థ సొంత రూల్ ఏమిటో అకడమిక్ సెక్షన్‌లో అడుగు.

ఫోన్ ఎత్తబుద్ధి కావడం లేదన్నావు చూడు, నాకు బ్లాట్ కంటే అదే ఎక్కువ దిగులుగా ఉంది. 14416కి చెయ్యి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, దేశం మొత్తానికి దీన్ని చూసుకునేది మన హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇవాళే చేసి, తర్వాత అమ్మకు ఫోన్ చెయ్యి. ఆ లైసేట్ వేశాక ఏం వచ్చిందో నాకు రాయి, బొమ్మ కూడా పంపు, కలిసి చూద్దాం.